ఈల మేడం గుంజీల బేరం

నలభై ఏడేళ్ళ వయసులో, పొట్ట అడ్డొచ్చి గల్లాపెట్టె చేతికి అందని రోజుల్లో, విశాఖపట్నంలో జరిగే బరువుల పరుగు పందానికి నా పేరు నేనే రాయించుకున్నాను. ఎవరూ బతిమాలలేదు. ఎవరూ రెచ్చగొట్టలేదు. అరకులో ఇన్ని కొట్లున్నాయి, ఇంతమంది షావుకార్లున్నారు. ఇంత తెలివితక్కువ పని ఇంత తెలివిగా చేసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అని ధైర్యంగా చెప్పుకోగలను.

తెలివి ఎక్కడుందంటే, ఆ పందెంలో ఒంటరిగా దిగితే ఒక రుసుము, జంటగా దిగితే ఒక రుసుము. జంట అయితే తలకి తక్కువ పడుతుంది. పైగా ఒక కిలోమీటరు పరుగు, ఒక బరువు పని, మళ్ళీ పరుగు, మళ్ళీ పని, ఇలా అయిదు విడతలు. పరుగు ఇద్దరూ పరిగెత్తాలి గాని, బరువు పనుల్లో ఎవరెంత చేస్తారన్నది వాళ్ళిష్టం. నా జంట ఎవరో చూసుకున్నాను. రుబ్బురోలు లాంటి మనిషి. బరువంతా ఆవిడ మోస్తుంది, నేను పక్కన పరిగెత్తుతూ ఉంటే చాలు. పార్వతీపురంలో కొట్ల మధ్య పుట్టి పెరిగాను. చెప్పిన ధరకే కొన్నవాణ్ణి మా వీధిలో జబ్బు మనిషిని చూసినట్టు చూసేవాళ్ళు. అలాంటి వీధిలో పెరిగి ఇంత మంచి బేరం వదులుకుంటానా?

ఆ జంట పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరూ పోల్చుకోరు. అరకు నుంచి పాడేరు దాకా అందరికీ ఆవిడ ఈల మేడం.

ఆవిడ కిందటి వానాకాలంలో పోయింది. గుండెతో పోయింది, మోకాలితో కాదు. ఆపరేషన్ చేసిన మోకాలు మాత్రం చివరిదాకా భేషుగ్గా ఉందని, ఆ సంగతి డాక్టరుకి ఎవరైనా ఫోను చేసి చెప్పాలని, మంచం మీద కూడా గొడవ చేసిందట. నేను అప్పుడు ఊళ్ళో లేను. తరవాత కూడా ఆవిడ గురించి పెద్దగా తలుచుకోలేదు. మొన్న కొట్లో మా ఆవిడ బియ్యం బస్తా పక్కకి జరపమంటే ఎత్తి జరిపాను. తను చేస్తున్న పని ఆపేసి నా మొహంలోకి చూసింది.

"ఏటండీ, ఒంట్లో బాగోనేదా? అమ్మా అన్నేదేటి?"

బస్తా ఎత్తినప్పుడల్లా మా అమ్మని పిలవడం నాకు పెళ్ళినాటి నుంచీ ఉన్న అలవాటు. ఆ రోజు పిలవలేదు. పిర్రలు వెనక్కి తోసి, వీపు పలకలా పెట్టి, మడమలతో నేలని తొక్కి లేచానని అప్పుడు తెలిసింది. చెవిలో ఈల మోగింది.

మేడం ఆశ్రమ పాఠశాలల్లో ఆటల టీచరుగా చేసింది. ఈ కొండల్లో ఆవిడ చేత గుంజీలు తీయించుకోని మనిషి తక్కువ. జీపు డ్రైవర్లు, బ్యాంకు గుమాస్తాలు, ఆఖరికి ఒక సర్పంచి కూడా, ఆవిడ ఎదురైతే చొక్కా పై గుండీ పెట్టుకునేవాళ్ళు. రిటైరయ్యాక కూడా మెడలోంచి ఈల తీయలేదు. బూటు లేసుకి కట్టిన ఇనప ఈల. మాట్లాడేటప్పుడు కూడా నోటి మూలనే ఉండేది, కొండ ముసలమ్మలకి చుట్ట ఉన్నట్టు. పొట్టి ఈల అంటే కూర్చో. పొడుగు ఈల అంటే లే. రెండు పొట్టివి వరసగా వేస్తే టీ. ఆ మూడోది వాళ్ళ వీధి కుక్కలకి కూడా తెలుసు. బిస్కెట్ల కోసం వచ్చి, బడి పిల్లల్లా, ఎత్తును బట్టి నిలబడేవి.

ఆవిడ నా కొట్టుకి మొదటిసారి వచ్చింది ఖాళీ గోనె సంచుల కోసం. నేను వంగి, అడుగున ఉన్న కట్ట లాగుతుంటే, సంచుల వైపు చూడకుండా నా నడుం వైపే చూస్తూ నిలబడింది.

"సావుకారూ, అలగ వంగితే నడుం ఊడి నీ కొట్లోనే పడిపోతాది. రేపు పొద్దున్న మా ఇంటికి రా."

"ఫీజెంత మేడం?"

"ముందు వంగడం నేర్సుకో. ఫీజు అడగడం నీకు పుట్టుకతోనే వచ్చు."

వాళ్ళ ఇంటి వెనక కాఫీ గింజలు ఆరబోసుకునే సిమెంటు కళ్ళం, దాని పక్కన రేకుల షెడ్డు. అదే జిమ్ము. బోర్డు లేదు. పట్నంలో మూతపడ్డ ఏదో జిమ్ము నుంచి తెచ్చిన ఇనప కడ్డీ, దానికి తగిలించే చక్రాలు ఉన్నాయి. మిగతాదంతా ఆవిడ సొంత తయారీ. నా దగ్గర కొన్న గోనె సంచుల్లో కొండవాగు గెడ్డలోంచి తెచ్చిన ఇసక నింపి కుట్టింది. తోపుడు బండి బదులు విరిగిన బడి బల్ల మీద రాళ్ళు పేర్చి కళ్ళం మీద తోయించేది. ఆ చప్పుడుకి తమ కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని పక్కింటివాళ్ళతో తగువు. ఎత్తుగా గోడకి కొట్టే బరువు బంతి కోసం పాత బాస్కెట్ బాలు కోసి, ఇసక పోసి, చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించింది. ఆ కుట్టు విడిపోయి, బంతి పైకి విసిరినప్పుడల్లా నా కళ్ళలో ఇసక రాలేది. అదేమంటే, "అందుకే పైకి సూడొద్దన్నాను" అనేది. పైకి చూడకుండా బంతిని ఎలా పట్టుకోవాలో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మొదటి రోజు నా కోరిక నేను చెప్పుకున్నాను. చేతులు కాస్త లావవ్వాలన్నాను. కౌంటరు వెనక కూర్చునేవాడికి బయటికి కనబడేవి అవే కదా.

మేడం ఈల నోట్లోంచి తీసింది. ఈల తీసిందంటే తిట్టబోతోందని లెక్క.

"సెయ్యి ఒక్కటీ పెంచుకుని ఏటి సేత్తావు? పీత లాగ? పీత ఎలగ నడుస్తాదో సూసినావా? పక్కకి. నీకు పక్కకి నడవాలనుందేటి?"

ఆవిడ శాస్త్రం అంతా అదే. ఒక్క కండ కోసం చేసే ఏ కసరత్తూ ఆ షెడ్డులో చేయనిచ్చేది కాదు. కడ్డీ భుజాన పెట్టుకుని గుంజీళ్ళు. నేల మీంచి కడ్డీ ఎత్తడం. నెత్తి మీదికి తోయడం. సంచి మెడ మీద వేసుకుని ఒక్కో మోకాలు నేలకి ఆనిస్తూ నడవడం. ఇంతే. "ఒక్క కీలు కదిపితే సరదా. నాలుగు కీళ్ళు కలిసి కదిలితే పని" అనేది. నేను బడిలో లెక్కలు రాక ఉచితంగా తీసిన గుంజీళ్ళే ఇప్పుడు మెడ మీద ఇనుముతో ఫీజు కట్టి తీస్తున్నానని మా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది.

ఇక బేరం. అది లేకుండా నేను ఉండలేను. మేడం ఇరవై అంటే నేను పది అనేవాణ్ణి. చివరికి పద్నాలుగుకి తెగేది. ఆరు గుంజీళ్ళు మిగిలాయని ఈల వేసుకుంటూ ఇంటికి పోయేవాణ్ణి. గోడ బంతుల దగ్గరైతే నా బేరానికి అడ్డే లేదు. కళ్ళలో ఇసక అని, భుజం పట్టిందని, కొట్టు తెరిచే వేళైందని, సగానికి సగం కోసేసేవాణ్ణి. కొన్నాళ్ళకి మేడం ముప్పై దగ్గర మొదలుపెట్టడం గమనించాను. సంతలో చింతపండు బుట్టతో వచ్చినవాళ్ళు నన్ను చూడగానే ధర పెంచి చెబుతారు, అలాగ.

"ఇది అన్యాయం మేడం. నిన్న ఇరవయ్యేగా?"

"మా అమ్మ తలమీద సింతపండు పెట్టుకుని కొండ దిగొస్తే, తేమ ఉందని మీ సావుకార్లు తరుగు తీసీవోళ్ళు. బుట్టకింత. ఎండలో వారం ఆరబెట్టిన పండుకి తేమేటి? ఆ తరుగు నీ కాళ్ళతో వసూలు సేత్తన్నాను. కూకో."

కూర్చున్నాను.

సరిగా కిందికి వెళ్ళకుండా లేస్తే ఆవిడ లెక్కపెట్టేది కాదు. "తాలు" అనేది. చోళ్ళు చెరుగుతుంటే గాలికి ఎగిరిపోయే పొట్టు గింజల పేరు అది. పదకొండు అయ్యాక "తాలు", మళ్ళీ పదకొండు, మళ్ళీ "తాలు". ధాన్యం వ్యాపారం చేసినవాణ్ణి నేను, తాలు తీయించుకున్నది మాత్రం ఆవిడ.

ఒక పొద్దున్న రెండు రంగు డబ్బాల నిండా రాళ్ళు పోసి, చెరో చేత్తో పట్టుకుని, రైలు గేటు దాకా నడవమంది. తనూ రెండు పట్టుకుంది. ముందు ఆవిడ, వెనక నేను, ఇద్దరం ఊపిరి బిగబట్టి బాతుల్లా పోతుంటే కారులో వచ్చిన పర్యాటకులు ఆగారు. ఫోటో తీసి, ఇది ఏ పండగండీ అని అడిగారు.

"సావుకార్ల పండగ" అంది మేడం, ఆగకుండానే. "ఏడాదికోపాలి ఈళ్ళచేత బరువు మోయిత్తాం. మొక్కు."

వాళ్ళు నాకు దణ్ణం పెట్టారు. చేతులు ఖాళీ లేక నేను తల ఊపాను.

పందెం సంగతి బయటపెట్టింది ఒక వానరోజు. రేకుల మీద వాన పడితే ఆ షెడ్డులో పక్కమనిషి మాట వినపడదు. రహస్యం చెప్పాలనుకుంది పాపం, అరిచి చెప్పాల్సి వచ్చింది. మోకాలి చిప్ప అరిగిపోయిందట, ఆపరేషన్‌కి ఒప్పుకుందట. ఆపరేషన్ అయ్యాక నడవొచ్చు గాని పరుగులు, గెంతులు మానేయాలని డాక్టరు చెప్పాడట. ఆ లోపల విశాఖలో పందెం ఉంది.

"ఏం పందెం?" అని నేనూ అరిచాను.

"ఏదైతే ఏటి! ఇన్నేళ్ళు ఈల ఊదినాను! బడి గుంటల్ని జిల్లాలన్నీ తిప్పి పరిగెట్టించినాను! నేను ఒక్క గీతా దాటనేదు!"

ఆ ఆఖరి మాట దగ్గర వాన ఠక్కున ఆగింది. వీధి వీధంతా విన్నది. మేడం మొహం తిప్పుకుని కడ్డీకున్న తుప్పు గోటితో గీకడం మొదలుపెట్టింది. ఆవిడ సిగ్గుపడగా చూసింది నేను ఆ ఒక్కసారే.

"జంటకి నేనేనా దొరికాను?" అన్నాను.

"ఇంకెవుడూ ఒప్పుకోనేదు."

అప్పుడు, మొదట్లో చెప్పిన ఆ తలకి తక్కువ రుసుము లెక్క వేసుకుని, సరేనన్నాను. ఆవిడ ఒక్క మాట మాత్రం హెచ్చరించింది: పందెంలో బేరం ఉండదని. రైల్వే టిక్కెట్ల కిటికీ దగ్గర తప్ప బేరం లేని చోటు లోకంలో లేదని నేను కొట్టిపారేశాను.

విశాఖలో అది పెద్ద రేకుల హాలు. డప్పుల్లాంటి పాటలు, గోడ మీద ఎర్రంకెల గడియారం. ఆ గడియారం ఆగేలోపు ఇద్దరూ గీత దాటాలి, ఒకరు దాటితే చాలదు. మా చుట్టూ ఉన్న జంటలన్నీ బొమ్మల కొలువులోంచి లేచొచ్చినట్టున్నాయి. మేడం మోకాలికి పట్టీ చుట్టుకుని, చీర బదులు బడినాటి ట్రాక్ సూట్ వేసుకుని, ఎదురుగా కనబడ్డ ప్రతి కుర్రవాణ్ణీ "వీపు వంచకు" అని తిడుతూ తిరిగింది. వాళ్ళు ఆవిణ్ణి నిర్వాహకురాలనుకుని వంచకుండా నిలబడ్డారు.

మొదటి మూడు పనులూ నేను వేసుకున్న లెక్క ప్రకారమే సాగాయి. బరువు బండి ఆవిడ తోసింది. తాడు ఆవిడ లాగింది. చేతుల్లో బరువులతో నడిచే పని పంచుకున్నాం. నేను చెమట తుడుచుకుంటూ, ఇంత లాభసాటి వ్యవహారం ఈ ఏడాది ఇంకోటి లేదనుకుంటున్నాను.

నాలుగోది సంచి మోకాటి నడక. సగం దూరంలో మేడం మోకాలు నేలకి ఆనింది, లేవలేదు. ఆవిడ సంచి కింద పెట్టలేదు. మెడ మీద అలాగే ఉంచుకుని, తలుపుకి తుప్పుపట్టిన బందులా ఆ కాలు కదుపుతూ, కదుపుతూ, చివరికి నా వైపు చూసింది.

"పట్టీసింది."

సంచి నేను తీసుకున్నాను. మిగతా సగం నడిచాను. ఇద్దరు మనుషులు చక్రాల కుర్చీ తెచ్చారు. మేడం ఈల తీసింది.

"కుర్సీలో కూకుంటే గీత కుర్సీ దాటుతాది, నేను దాటను. ఎల్లండి."

ఆ కిలోమీటరు మేము పరిగెత్తలేదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఒంటికాలి మీద గెంతింది. ప్రతి గెంతుకీ నా భుజం కుంగింది. అప్పుడు నాకు అయిదో పని గుర్తొచ్చింది. ఆఖరి పని గోడ బంతులు. కింద దాకా కూర్చుని లేస్తూ, నెత్తి మీది గీతకి తగిలేలా డెబ్బై అయిదు సార్లు కొట్టాలి. ఆ డెబ్బై అయిదూ మేడం కొడుతుందనే ధీమాతోనే కదా ఇన్నాళ్ళూ సగానికి సగం కోసుకుంటూ వచ్చాను! ఇప్పుడు ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. బంతి నా చేతిలో ఉంది. ఎర్రంకెలు తగ్గుతున్నాయి.

లెక్కపెట్టడానికి నల్ల టీషర్టు అమ్మాయి ఒకామె నిలబడింది. ఇరవై దాటేసరికి నా తొడలు చలిమిడిలా అయిపోయాయి.

"సర్, అది లెక్కలోకి రాదు."

"ఏం తక్కువైందమ్మా?"

"కిందిదాకా కూర్చోలేదు సర్."

"సగం కూర్చున్నాను కదా. ఇలాంటివి రెండు కలిపి ఒకటి వేసుకో."

"అలా కుదరదు సర్."

"పోనీ మూడు కలిపి?"

ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూసింది. నేల మీంచి కేక వచ్చింది.

"ఎన్ని తాలు కలిపినా గింజ అవదు సావుకారూ! సేతుల్తో ఇసరకు! బంతి సేతిలోంచి ఎల్లదు, మడమలోంచి ఎల్తాది! మడమ తొక్కు, తొడ అందుకుంటాది, తొడ ఇస్తే నడుం పుచ్చుకుంటాది, సెయ్యి ఊరికే సాగనంపుతాది, అంతే! కూకో!"

తరవాత పొట్టి ఈల. పొడుగు ఈల. పొట్టి. పొడుగు. హాలులో పాటల కింద నాకు అదొక్కటే వినబడింది. నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పింది అర్థమై చేయలేదు, బేరమాడే ఓపిక పోయి చేశాను. కూర్చోమంటే కూర్చున్నాను, లెమ్మంటే లేచాను. మధ్యలో ఎక్కడో బంతి తేలికైంది. తేలికైందా, నా చేతుల మీంచి పెత్తనం కాళ్ళకి పోయిందా, తెలియదు. డెబ్బై అయిదు అని ఆ అమ్మాయి అన్నప్పుడు నేను ఇంకోటి కూడా విసిరాను, నా జీవితంలో మొదటిసారి.

గీత కాస్త దూరంలో ఉంది. నేను నేల మీద వాలిపోబోతుంటే మేడం ఒంటికాలి మీద లేచి నా కాలరు పట్టుకుంది. "లెగు. అల్లదిగో." ఇద్దరం బయల్దేరాం. చివర్లో ఆవిడ నా భుజం వదిలేసి, కుంటుతూనే నాకంటే ముందు పోయింది. నేను ఎలా దాటానో గుర్తులేదు. గీత అవతల మోకాళ్ళ మీద పడి వెనక్కి తిరిగి చూస్తే, మేడం లేదు.

నా పక్కనా లేదు. గీతకి ఒక పక్కన, చివర అంచున నిలబడి ఉంది. నడుం కొంచెం వంచి, ఒక చెయ్యి పైకెత్తి, కళ్ళు నా కాళ్ళ మీద పెట్టి, నేను దాటినందుకు పొడుగ్గా ఈల ఊదుతోంది. ఫస్టు ఎవరు, సెకండు ఎవరు అని చూసే ఆటల టీచరు నిలబడే చోటు అది. ఇన్నేళ్ళు నిలబడ్డ చోటుకే ఆవిడ కాళ్ళు ఆవిణ్ణి తీసుకెళ్ళి నిలబెట్టాయి.

"మేడం!" అని నల్ల టీషర్టు అమ్మాయి అరిచింది. "మీరు దాటలేదు!"

మేడం తన కాళ్ళ వైపు చూసుకుంది. గీత వైపు చూసింది. గడియారంలో సెకన్లే ఉన్నాయి.

"మేడం, దాటండి! బేగి రండి!" అని నేనూ అరిచాను.

"ఎటునుంచి?" అంది. నిజంగానే అడిగింది.

అటునుంచి అని చెయ్యి చూపించాను. ఆవిడ కుంటుతూ నాలుగడుగులు వెనక్కి వెళ్ళింది, గీతకి ఎదురుగా తిరిగింది, నోట్లోంచి ఈల తీసి ట్రాక్ సూట్ లోపలికి వేసుకుంది. అప్పుడు వచ్చింది, పరుగని అనడానికి లేదు, నడకని అనడానికి మనసొప్పదు. గీత దాటి, నా దగ్గరకొచ్చి ఆగింది.

"దాటినాను."

"దాటారు మేడం."

"ఇప్పుడేటి సెయ్యాల?"

నాకూ తెలియదన్నాను. ఆవిడ చాపేసిన కాలుతో నా పక్కనే నేల మీద కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మా వరసలో ఆఖరు మేమే. మా తరవాత వచ్చింది హాలు ఊడ్చేవాళ్ళు.

ఇక బిల్లు. మోకాలు పట్టేసిన మనిషిని గీత దాకా లాక్కొచ్చానని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. ఆవిడ బతికుండగా ఎప్పుడూ కాదనలేదు. అసలు లెక్క ఇది. బండి తోసింది ఆవిడ, నేను చెయ్యి ఆనించాను. తాడు లాగింది ఆవిడ, లాగిన తాడు నేను చుట్ట చుట్టాను. బరువుల నడక చెరి సగం, ఇది నిజం. సంచి నడక చెరి సగం, అందులో నా సగం ఆవిడ మోకాలు పట్టేయబట్టి నాకు వచ్చింది. బంతులు నావి, కాని వాటికి ఊపిరి ఆవిడ ఈలది. పరుగు ఇద్దరిదీ, నేను రెండు మోకాళ్ళతో, ఆవిడ ఒక మోకాలితో. ఎటునుంచి కూడినా నా వంతు మూడో వంతుకి మించదు.

ఈ లెక్క నిర్వాహకులకి తెలియదు. ఇద్దరి మెడలోనూ ఒకే బరువు పతకం వేశారు. నేను కిక్కురుమనకుండా తీసుకున్నాను.